పదకొండో స్తంభం కింద

హెయ్‌మాయ్ రేవులో మొత్తం నలభై మూడు దీపాలు.
అన్నీ నా చేతి కిందివే.
బల్బు మార్చేదీ నేనే, తుప్పు గీకేదీ నేనే,
ఆగస్టు చివర వాటి కింద రాలిపడిన
పఫిన్ పిల్లల్ని ఏరేదీ నేనే.

ఈ రాత్రి పదకొండో స్తంభం కింద ఒకటి దొరికింది,
లారీ టైరుకీ వలల కుప్పకీ నడుమ ఇరుక్కుని.
బూడిద పూసుకున్నట్టు ముఖం,
ఇంకా రంగెక్కని ముక్కు.
మా స్టెయిన్‌వోర్ బోర్లా పడుకుని చెయ్యి దూర్చింది.
"కరిచింది నాన్నా!"
కరవనీ. కరిచేది బతుకుతుంది.

ఆరు వారాలు అది కొండ కడుపులో ఉంది,
చేతికందనంత లోతు మట్టి బొరియలో,
అమ్మానాన్నలు మోసుకొచ్చే చేపల వాసనే
లోకమనుకుని.
ఒక రాత్రి ఆకలి దాన్ని గుమ్మం దాకా తోసింది.
వెంట వచ్చేవాళ్లు లేరు.
ఒకప్పుడు పగలు బయల్దేరిన పిల్లలూ ఉండే ఉంటాయి,
వాటిని సీగల్స్ తినేశాయి.
తినగా మిగిలినవాటి మనవల మనవలు ఇవి.
అందుకే రాత్రి.

మరి రాత్రి, సముద్రం ఎటు?
వెలుగు ఎటుంటే అటు.
నీళ్ల మీద చంద్రుడు, నీళ్ల మీద చుక్కల పొడి,
కొండ వైపంతా కాటుక.
లక్షల ఏళ్లు నిలిచిన లెక్క అది.
తప్పు చేసినవి చెప్పడానికి మిగల్లేదు కూడా.
ఆ లెక్కలో నేను లేను.
నా నలభై మూడు దీపాలు లేవు.

"ఇది మొద్దుదా నాన్నా?"
కాదమ్మా. చదువుకున్న పాఠం సరైనదే.
పరీక్ష మధ్యలో మనం ప్రశ్నపత్రం మార్చేశాం.

వంటింట్లో మా అమ్మ థోర్‌కాట్లా
పిండి తూచే త్రాసులో దాన్ని కూర్చోబెట్టింది.
రెండు వందల డెబ్భై గ్రాములు. కొంచెం తక్కువే, పరవాలేదు.
డెబ్భై మూడు జనవరిలో అమ్మకి పన్నెండేళ్లు.
నడిరాత్రి ఊరి పక్కనే భూమి చీలి మంట లేచింది.
"మంచు మీద అక్షరాలు చదువుకోవచ్చు, అంత వెలుగు.
మేమంతా ఆ వెలుగుకి వీపు తిప్పి
చేపల పడవలెక్కి చీకట్లోకి పోయాం.
ఎటు పోవాలో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది."
పిల్ల త్రాసులోనే రెట్ట వేసింది.
అమ్మ తిట్టుకుంటూ తుడిచింది.

మా తాత గడకర్ర వలతో
ఇవే పక్షుల్ని గాల్లోంచి దించేవాడు.
పొగబెట్టి తినేవాళ్లం. నేనూ తిన్నాను,
రుచి ఇంకా నాలుక మీదుంది.
కాబట్టి దయ గురించి నేను పెద్దగా మాట్లాడను.

కూతురు అట్టపెట్టె మంచం పక్కనే పెట్టుకుని పడుకుంది.
పరాయి జాతి పిల్లకి రాత్రంతా కాపలా!
గుండ్రటి తల, బెదురు చూపు, బొద్దు పొట్ట:
మన పిల్లల కోసం మనలో ఎప్పుడో వెలిగిన దీపం
దారి తప్పి దీని మీద పడుతోందేమో.
అలా అయితే మేమూ
ఏదో స్తంభం కింద రాలిపడ్డవాళ్లమే.
పడితే పడ్డాం.

దీపాలు ఆర్పమని రేవు అధికారి ఐవిందుర్‌ని మూడేళ్లు అడిగాను.
"పడవలొస్తాయి, మనుషులు జారి నీళ్లలో పడతారు" అంటాడు.
అతనన్నదీ అబద్ధం కాదు.
పదకొండోది మాత్రం ఆగస్టు రాగానే చెడిపోవాలి ఇకపై.
నిన్న రాత్రే ఫ్యూజు పీకి
పుస్తకంలో "మరమ్మతులో ఉంది" అని రాశాను.
చేతిరాత కాస్త వణికింది.

తెల్లవారి కొండ అంచున గాలి ఎదురు కొడుతోంది.
స్టెయిన్‌వోర్ రెండు చేతులా దాన్ని పట్టి
మోకాళ్ల మధ్య ఊపింది, ఒకటి, రెండు,
మూడోసారి పైకి వదిలింది.
రాయిలా కొంత దూరం పడింది.
తర్వాత రాయి రెక్కలు కొట్టింది.

"వెనక్కి చూడలేదు" అంది పిల్ల, కాస్త చిన్నబుచ్చుకుని.
వెనక్కి చూసే పఫిన్లు
ఏ కాలంలోనో అయిపోయి ఉంటాయమ్మా.

ఖాళీ పెట్టె చంకన పెట్టుకుని దిగుతున్నాం.
సాయంత్రం మళ్లీ నలభై రెండు వెలిగించాలి.